గుచ్చుకునే టోపీ

పదకొండింటావిడ మళ్ళీ టోపీ పట్టుకుని పరదా వెనక్కి వెళ్ళింది.

"చూశావా పిన్నీ? ఇవాళ కూడా!" అంది కంగారక్క, చేతిలో సూదులు బల్ల మీద పడేసి.

కంగారక్కకి అసలు పేరొకటి ఉంది. వీధిలో ఎవరికీ గుర్తులేదు. పాలు పొయ్యి మీద పెట్టకముందే పొంగిపోతాయేమోనని హడలిపోయే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

ఈసారి మాత్రం కంగారులో న్యాయం ఉంది.

రెండు వీధుల అవతలి ఆసుపత్రి వాళ్ళు, మందులకి జుట్టు రాలిపోయిన పేషెంట్ల కోసం అల్పాకా ఊలు టోపీలు అల్లమన్నారు. మచ్చుకి పది పంపితే బాగున్నాయన్నారు. ఇప్పుడు నలభై అడిగారు. ఇవీ నచ్చితే ఏడాది పొడుగునా ఆర్డరే. నచ్చకపోతే కంగారక్క అల్లికల షాపుకి తాళం, అందులో సాయం చేసే పిన్నికి ఇంటిదారి.

అల్పాకా అంటే, గొర్రెకి పొడుగు మెడ అతికించినట్టుండే జంతువు. దాని ఊలు గొర్రె ఊలు కంటే తేలిక, వెచ్చన. గారాబం కూడా ఎక్కువే. చన్నీళ్ళలోనే ఉతకాలి. పిండకూడదు, తువ్వాల్లో చుట్టి నొక్కాలి. దండెం మీద వేశారా, సాగి సంచీ అయిపోతుంది. అందుకే టోపీలన్నీ కిటికీ పక్క బల్ల మీద పరిచి ఆరబెడతారు.

ఆ బల్ల దగ్గరికే వస్తుంది పదకొండింటావిడ. పూల స్కార్ఫు, నల్లకళ్ళద్దాలు. సరిగ్గా పదకొండుకి రావడం, పన్నెండు కొట్టేలోపు వెళ్ళిపోవడం. మచ్చు టోపీలు అల్లినప్పట్నుంచీ ఇదే తంతు. కొన్నది మాత్రం ఒక్క ఊలు ఉండ.

కంగారక్క ఇక ఆగలేక పరదా ముందుకెళ్ళి నిలబడింది.

"ఏమండీ, ఒకసారి బయటికి రండి!"

స్కార్ఫు సర్దుకుంటూ వచ్చింది ఆవిడ.

"ఆ గుప్పిట్లో ఏంటి?"

గుప్పిట విప్పింది. చిటికెడు నూగు.

"అయ్యయ్యో! మా ఊలు పీకేస్తున్నారా?"

"ముళ్ళు ఏరుతున్నానమ్మా. గుచ్చుకుంటాయి."

"అల్పాకా గుచ్చుకోవడమేంటండీ! వెన్నముద్దలా ఉంటుంది. ఇరవయ్యేళ్ళుగా అల్లుతున్నాను, నాకే చెప్తారా?"

"అల్లి అల్లి కాయలు కాసిన వేళ్ళకి తెలీదమ్మా."

ఆ మాటకి ఒళ్ళు మండింది కంగారక్కకి.

"రేపట్నుంచి మా షాపు గడప తొక్కకండి!"

ఆవిడ గోడ గడియారం వైపు చూసింది.

"ఇంకో పది నిమిషాలు టైముంది నాకు. ఈ ఒక్కటీ పూర్తిచేసి..."

"వద్దన్నానా!"

ఆవిడ టోపీని బల్ల మీద పరిచి, ముడత సరిచేసి, మెట్లు దిగింది.

"మనిషి నీరసంగా ఉందే. కాస్త మెల్లగా చెప్పాల్సింది," అంది పిన్ని.

"నువ్వూరుకో పిన్నీ!"

అన్నదే గానీ, మర్నాడు పదకొండింటికి గుమ్మం వైపు నాలుగుసార్లు చూసింది. రాలేదని సంతోషించాలో వద్దో తెలియక ఒక వరస తప్పు అల్లి, విప్పి, మళ్ళీ అల్లింది.

నలభై టోపీలూ వెళ్ళాయి.

నాలుగో రోజు పెట్టె తిరిగొచ్చింది. పైన చీటీ: గుచ్చుకుంటున్నాయి.

కంగారక్క పెట్టె బల్ల మీద బోర్లించింది. లెక్కపెడితే ముప్పై రెండు.

"ఎనిమిది నొక్కేసి, పైగా వంకలా?"

ఒక్కో టోపీ వేళ్ళతో తడిమింది. మెత్తగానే ఉన్నాయి. పిన్ని తడిమింది. మెత్తగానే ఉన్నాయి.

అప్పుడే క్యారేజీ తెచ్చిన మొగుడు, ఒకటి తీసి సరదాగా తన బట్టతల మీద పెట్టుకున్నాడు. అర నిమిషంలో బర్రున గోక్కున్నాడు.

"ఏంటే ఇది, చీమలు పెట్టి అల్లావా?"

టోపీ లాక్కుని వెలుగులో పట్టి చూసింది. మెత్తటి నూగు మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి, బిరుసు వెంట్రుకలు.

ముళ్ళు.

"పిన్నీ... ఆవిడ నిజమే చెప్పింది. మచ్చు టోపీలు నచ్చింది కూడా ఆవిడ ఏరబట్టే!"

ఆ రోజంతా ముగ్గురూ కూర్చుని ఏరారు. పరీక్షకి మొగుడి తలే దిక్కు. సాయంత్రానికి అది టమాటాలా ఎర్రబడింది.

"నీ వ్యాపారం కాదు గానీ, నా తోలు ఊడుతోందే!"

కంగారక్కకి నవ్వు రాలేదు. ఆవిడ కనిపిస్తే చాలు, చేతులు పట్టుకుని తప్పయిపోయిందనాలి. పేరు తెలీదు. ఇల్లు తెలీదు. ఏమని వెతకడం?

మర్నాడు పొద్దున్నే పెట్టెతో ఆసుపత్రికి పరుగెత్తింది. హెడ్ నర్సు రెండు టోపీలు మోచేతి మడతలో రుద్ది చూసింది.

"ఇప్పుడు బావున్నాయండీ. ఉంచుకుంటాం."

గుండె కుదుటపడింది కంగారక్కకి. ఆ వెంటనే నోరు ఊరుకోలేదు.

"మరి మిగతా ఎనిమిదీ ఏవండీ?"

"ఏడు పేషెంట్ల దగ్గరున్నాయి. అవి గుచ్చుకోవట్లేదట, తిరిగివ్వం అన్నారు."

"అదెలా? అన్నీ ఒకటే ఊలు కదా!"

నర్సు ఆమెని వార్డులోకి తీసుకెళ్ళింది. మూడో మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. పక్కన స్టూలు మీద పూల స్కార్ఫు, నల్లకళ్ళద్దాలు, ఒక ఊలు ఉండ.

కంగారక్క పెట్టె గట్టిగా పట్టుకుంది.

"మొన్న పోయింది," అంది నర్సు. "పన్నెండింటికి మందెక్కించాలి. అందాకా గంట పర్మిషన్ అడిగి మీ షాపుకొచ్చేది. తర్వాత ఎందుకో మానేసింది. నలభై టోపీలూ రాగానే, 'షాపుకి తిప్పి పంపకండి, పాపం ఆ అమ్మాయి కంగారుపడుతుంది, నేను బాగుచేస్తా' అని మంచం మీదే కూర్చుంది."

"మరి ఆ ఎనిమిదోది?"

"ఒక్కోటీ తన గుండు మీద పెట్టుకుని చూసి, ముళ్ళు ఏరి ఏడుగురికి ఇచ్చింది, ఎనిమిదోది ఏరే ఓపిక లేక, చలేస్తోందని అలాగే పెట్టుకుని వెళ్ళిపోయింది."