లింగారెడ్డి చుట్టుతలుపు

"ఆ ఇరుక్కున్న స్ప్రింగు ముక్క ఊడబీకి తలుపు కింద పడేస్తే చాలు గదయ్యా! కారు కనపడదు, పీడా పోతాది," అంది ఉరుకుందమ్మ మొగుడితో.

"పడేస్తే మళ్లా ఎత్తేదెవురు, మీ నాయనా? స్ప్రింగు లేకుంటే అది తలుపు గాదు, ఇనుప గోడ. నలుగురు పట్టినా లేవదు," అన్నాడు లింగారెడ్డి ముక్కాలిపీట మీద నిలబడి పైకి చూస్తూ.

అది 1943 ఎండాకాలం, సీమంతా కరువు. పత్తికొండలో సొంత కారున్న మొనగాడు లింగారెడ్డి ఒక్కడే. ఆ కారు కోసం ఇంటి పక్కన రాతి కొట్టం కట్టించి, దానికి మద్రాసు నుంచి పైకి చుట్టుకునే ఇనుప తలుపు తెప్పించాడు. కారు చూద్దామని వచ్చినవాళ్లు తలుపు దగ్గరే ఆగిపోయేవాళ్లు. పైనున్న గొట్టంలోని స్ప్రింగు బరువంతా తానే మోస్తుంది గనుక చిన్నపిల్లయినా ఒంటిచేత్తో ఎత్తి దించొచ్చు. ఆ స్ప్రింగు కాస్తా నిన్న ఠప్పుమని విరిగింది. తలుపు సగంలో వంకరగా ఇరుక్కుపోయి, కింది సందులోంచి కారు ముక్కు వీధిన పోయేవాళ్లందరికీ కనిపిస్తోంది.

విరగడానికి మంచి సమయమే చూసుకుంది మహాతల్లి! పొద్దున్నే ఎదురింటి హంపమ్మ వార్త మోసుకొచ్చింది. కొత్త తాసిల్దారు జవాన్లను వెంటేసుకుని పైవీధిలో తిరుగుతున్నాడట, ఒక్కో కొట్టంలో తల దూర్చి చూస్తున్నాడట. పోయిన నెల ఎవరిదో లారీని యుద్ధానికి పట్టుకుపోయారని లింగారెడ్డి అప్పటికే విని ఉన్నాడు. ఆ మాటా ఈ మాటా కలిపి చూసుకుని, తాసిల్దారు తన కారు కోసమే వస్తున్నాడని సంగటి ముద్ద వదిలేసి లేచాడు.

"పెట్రోలు దొరక్క ఆర్నెల్లుగా కదలని కారు. దాన్ని పట్టకపోయి ఏం చేసుకుంటారంట?" అంది ఉరుకుందమ్మ.

"సర్కారుకు పెట్రోలు కరువా? కారు పోయిందంటే నేను ఈ ఊర్లో మళ్లా ఉత్త లింగారెడ్డినే. నా బాధ నీకేం తెలుస్తాది!"

"అయితే పైన జొన్నచొప్ప కప్పుదాం."

"రంగు గీసుకపోతాది!"

"ఊరందురికీ తెలిసిన కారును యాడ దాపెడ్తావయ్యా?"

"తాసిల్దారు మొన్ననే వచ్చినాడు. ఆయప్పకు తెలీదు గదా!"

గుంతకల్లు నుంచి మెకానిక్కును పిలిపిస్తే కారు సంగతి దారి పొడుగునా టముకు వేసినట్టే. అందుకని నమ్మకస్తుడైన కమ్మరి కంబన్నను పిలిపించి, ఎవరికీ చెప్పనని ఈరన్నస్వామి మీద ఒట్టు వేయించుకుని మరీ పని మొదలుపెట్టించాడు.

కంబన్న స్ప్రింగు దించి, విరిగిన కొసను పెరట్లోనే నిప్పుల్లో ఎర్రగా కాల్చి, కొక్కెంలా వంచాడు. మళ్లీ గొట్టంలో తగిలించి ఇనుప కడ్డీతో బిగించడం మొదలుపెట్టాడు.

"గట్టిగా పట్టుకో అయ్యా. వదిలితే మూతి పగులుతాది."

"నాకు చెప్తాండావా?" అంటూనే లింగారెడ్డి వదిలేశాడు. కడ్డీ ఆయన చెవి పక్కనుంచి దూసుకుపోయి మజ్జిగ కుండకు తగిలింది.

"ఇంట్లో ఇంగో కుండ ఉండాది. తెచ్చి పెడ్తునా?" అంది ఉరుకుందమ్మ, చీర కుచ్చిళ్ల మీది మజ్జిగ దులుపుకుంటూ.

రెండోసారి హడావిడిలో స్ప్రింగును తిరగేసి బిగించారు. తలుపు ఉన్నచోటి నుంచి కదలనని మొండికేసింది. అంతా విప్పి మూడోసారి బిగించేసరికి లింగారెడ్డి చొక్కా పిండితే బిందెడు నీళ్లు వచ్చేలా ఉంది. ఈసారి మాత్రం తలుపు గరగరమంటూ కిందికి దిగింది, వేలితో ఎత్తితే పైకి లేచింది. కంబన్నను వాటేసుకున్నంత పనిచేశాడు లింగారెడ్డి.

"అయ్యా, వస్తాండారు!" అన్నాడు కంబన్న వీధి చూసి.

లింగారెడ్డి తలుపు దించి, తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకున్నాడు. తాసిల్దారు వస్తూనే తలుపు మీద అరచేత్తో తట్టి చూశాడు.

"భేషైన తలుపు! బాగా పనిచేస్తుందా?"

"ఒంటిచేత్తో లేస్తాది సార్. ఈ దినమే బాగుజేయించినా," అన్నాడు లింగారెడ్డి. గొప్ప చెప్పుకునే అవకాశం వస్తే వదులుకునే మనిషి కాదు.

"లోపల ఏముంది?"

"ఏముంటాది సార్? ఉత్త కొట్టం."

"పూర్తిగా ఖాళీయేనా?"

"పుల్ల గూడా లేదు! కావాలంటే ఈరన్నస్వామి మీద ఒట్టు."

తాసిల్దారు వంగి గడప చూశాడు, పైకప్పు చూశాడు. "వాన నీళ్లు దిగుతాయా?"

ఉరుకుందమ్మకు ఎందుకో అనుమానం వచ్చింది. వెనకనుంచి మొగుడి పంచె లాగింది. ఆయన ఆమె చెయ్యి విదిలించుకున్నాడు. తాసిల్దారు కారు ఊసెత్తకపోయేసరికి గండం గడిచిందన్న సంతోషంలో నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

"చుక్క దిగదు సార్! రాతిగోడ, మిద్దెకప్పు. ఎలుక దూరే సందు గూడా లేదు. ఇట్లాంటి కొట్టం ఈ తాలూకాలోనే లేదు!"

తాసిల్దారు ముఖం వికసించింది. పొద్దుటి నుంచి తిరిగి తిరిగి అలిసిపోయినట్టున్నాడు, రుమాలుతో మెడ తుడుచుకుని చెయ్యి చాచాడు.

"తాళం తీయండి రెడ్డిగారూ, కరువు జొన్నలు ఇందులోనే దించుతాం."