సీమంతానికి జాజులు

గోడ అవతల మళ్లీ చప్పుడయింది.

కృష్ణవేణమ్మ చీపురు పడేసి పెరట్లోకి పరుగెత్తింది.

జాజితీగ మొదట్లో, గోడకున్న తూములోంచి ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. నీచు వాసన గుప్పుమంది.

కూతురు శ్రీవాణికి ఏడో నెల. రోజూ తలలో పెట్టుకునేది ఆ జాజులే.

సందులోకి వెళ్లి చూస్తే, ఎవరో ముసలాయన ఖాళీ చెంబుతో నిలబడి ఉన్నాడు.

"ఎవురప్పా నువ్వు? ఏంది పోస్తాండావు ఈడ?"

"చెట్టు శానా పూయాలని..."

"నోరు ముయ్! నెత్తురు పోసి నా బిడ్డకు చేతబడి చేస్తాండావా?"

ఆమె గొంతు లేస్తే ప్రొద్దుటూరు సగం లేస్తుంది. జనం పోగయ్యారు. ఒకడు ముసలాయన చొక్కా పట్టుకున్నాడు, ఇంకొకడు చెంబు లాక్కున్నాడు.

"మళ్లీ కనపడితే పోలీసులను పిలుస్తా!"

ముసలాయన తీగ వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

అయినా ఆమెకు భయం తీరలేదు. గడ్డపార తెచ్చింది. మధ్యాహ్నానికల్లా గోడ నిండా అల్లుకున్న తీగ వేళ్లతో సహా సందులో పడింది.

"అమ్మా, నిండా మొగ్గలుండాయే!" శ్రీవాణి ఏడ్చింది.

"ఉంటే ఉండనీ. నీకంటే ఎక్కువనా?"

వేంపల్లె పోయి సాయంత్రం బస్సు దిగిన ఎదురింటి హఫీజా, తీగను చూసి నిలబడిపోయింది.

"ఎందుకు పెరికితివక్కా?"

"ఆ ముసలోడు నెత్తురు పోస్తాంటే ఊరికే ఉండాల్నా?"

"నెత్తురు యాడిదక్కా! మాంసం కడిగిన నీళ్లు. మా ఇండ్లల్లో పూలచెట్లకు అవే పోస్తాం. శ్రీవాణికి సీమంతమని ఆయనకు నేనే చెప్పినా. ఆ పొద్దుకు విరగబూయాలని ఈ నడుమ రోజూ జమ్మలమడుగు నుంచి వస్తాండాడు. ఈడ మాంసం అంగట్లో అడిగి ఆ నీళ్లు తెస్తాడు."

దేవుడి పటాలకు పెట్టేదీ ఆ జాజులే. ఇంకో రోజయితే మాంసం మాటకే తలస్నానానికి పరుగెత్తేది కృష్ణవేణమ్మ. ఇప్పుడు కాలు కదల్లేదు.

"నా బిడ్డ సీమంతానికి ఆయన ఎందుకు నీళ్లు పోయాల? ఎవురాయన?"

"గఫూర్ మామ. మీకు అమ్మినాయన కంటే ముందు ఈ ఇల్లు ఆయనదే."

హఫీజా వంగి, వాడిన మొగ్గల రెమ్మ ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఈ తీగ నాటింది ఆయన కూతురు షాహిస్తా. ఇది మొదటి మొగ్గ తొడగకముందే, ఏడో నెల కడుపుతో పోయిందక్కా ఆ బిడ్డ."