ఆ ఒడ్డున పెరడు

"మెల్లగా అమ్మా, మెట్లు అరిగిపోయాయి."

"సణక్కుండా చెయ్యి పట్టుకో," అంది ఇదలీనా.

కూతురు సెలెస్తె మూడు రోజులుగా పోర్చుగల్-స్పెయిన్ సరిహద్దు వెంట కారులో తిప్పుతుంటే, ప్రతి కోట దగ్గరా ప్రతి చర్చి దగ్గరా మోకాళ్ల నొప్పులని కారు దిగని మనిషి, ఈ స్పెయిన్ కోట మాత్రం ఎక్కి తీరతానంది. బురుజు మీదకు చేరేసరికి నది అవతల, పోర్చుగల్ ఒడ్డున, తమ ఊరు కనిపించింది సెలెస్తెకి.

"మీ నాన్న దొంగచాటుగా కాఫీ మూటలు తెచ్చి ఇక్కడ అమ్మేవాడు. తిరిగొచ్చే ముందు ఇక్కణ్నుంచే అటు చూసుకునేవాడు. పోలీసులు కాపుంటే నేను మన ఊరి కోటగోడ మీద తెల్లదుప్పటి ఆరేసేదాన్ని. అది కనిపిస్తే నదిలో దిగకూడదు. ఆ రోజు నువ్వు కడుపులో ఉన్నావు, ఎనిమిదో నెల. కోట ఎక్కలేక పెరట్లోనే ఆరేశాను. చూసి కూడా దిగాడు, మొండి మనిషి. కాల్చేశారు."

నాన్న మొండితనం సెలెస్తె పుట్టినప్పట్నుంచీ వింటున్నదే. పెరటి సంగతి మాత్రం ఇప్పుడే విన్నది.

శుక్లాలు కమ్మిన కళ్లు చికిలించింది ఇదలీనా. "నాకంతా మసకే. మన పెరడు కనిపిస్తోందా, చూసి చెప్పవే."

సెలెస్తె చూసింది. ఇంటి కప్పు కొస కనిపిస్తోంది. పెరటికి అడ్డంగా, అయిదు వందల ఏళ్లుగా అక్కడే ఉన్న పెద్ద చర్చి గోడ.

"ఏమే, నోరు పడిపోయిందా?"

"కనిపిస్తోందమ్మా. దుప్పట్లారేసే తీగ కూడా కనిపిస్తోంది."

"చూశావా, నే చెప్పలా!" ఇదలీనా కళ్లు తుడుచుకుంది. "మొండి మనిషి."

ఇన్నేళ్లూ తండ్రిని వెనకేసుకొచ్చిన సెలెస్తె, "అవునమ్మా, ఒట్టి మొండి మనిషి," అంది.