మూడో ప్లేటు

“పటం బాగా వచ్చిందా, పిల్ల నీది. రాలేదా, రేపే కుప్పం సంబంధమోళ్లకు జాబు రాసేస్తా” అన్నాడు బర్నబాసు ఉపదేశి, పుంగనూరు చర్చి మెట్ల మీద నిలబడి. “బెంగుళూరులో చదివినోళ్లు దేవుణ్ణి గూడా మర్సిపోతారంట. నీకేం నేర్పినారో ఈ పొద్దు సూస్తా.”

అహరోను బెంగుళూరులో ఫోటోలు తీయడం నేర్చుకొచ్చాడు. ఎలిజబెత్‌ను ఇమ్మని అడిగిన ఏడాదికి ఆమె తండ్రి నోటి నుంచి రాలిన మొదటి మంచిమాట ఇదే, అందులోనూ సగం బెదిరింపు. ముప్పై ఏళ్లు ఆ ఊళ్లో పురుళ్లు పోసిన దొరసాని పదకొండు గంటల బొగ్గుతో నడిచే బస్సుకు మదనపల్లె మీదుగా తన దేశానికి వెళ్లిపోతోంది. ఆమెతో సంఘమంతా కలిసి గ్రూపు ఫోటో తీయించుకోవాలి. యుద్ధం అయిపోయినా ఫోటో పడే గాజు ప్లేట్లు దొరకని రోజులు. అహరోను దగ్గర ఉన్నవి మూడే.

కంచె అవతల పీర్ సాహెబ్ బీడీ కాలుస్తూ నిలబడ్డాడు. పొద్దుటిపూట బిందెలకు మాట్లు వేస్తాడు, సాయంత్రం ఫోటోలు తీస్తాడు.

“ఏడాది నేర్పినారంట గదప్పా? మూత తీసి మూత పెట్టేదానికా?”

“వెలుగు లెక్క, అద్దం లెక్క, మందుల లెక్క, మొత్తం ముప్పై ఆరు పాఠాలు సాయిబూ. నువ్వెవరి దగ్గర నేర్చుకున్నావు?”

“చెడిపోయిన ప్లేట్ల దగ్గర.”

అహరోను మూతి తిప్పుకుని పనిలో పడ్డాడు. నలభై మందిని బెంచీల మీదా వెనకా వరుసగా సర్దాడు. కోర్సు నోట్సు తీశాడు. నల్ల అట్ట, ఎర్ర అంచు, చేతిలో బరువుగా ఉంటుంది. ఒక పేజీ పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. కెమెరా నల్లగుడ్డ తల మీద కప్పుకుని వంగాడు. అద్దంలో లోకమంతా తలకిందులు, పైగా మసక. పాఠంలో చెప్పినట్టే దొరసాని గొలుసుకున్న సిలువ ఒక్కదాన్నే చూస్తూ అది స్పష్టంగా కనిపించేదాకా మర తిప్పాడు. చాలాసేపు పట్టింది. తర్వాత ప్లేటు దూర్చి, గుడ్డ తీసి, కెమెరా కంటి మూత ఊడదీశాడు. మూత తీసినంతసేపూ చూపు సెకన్ల ముల్లు మీదే ఉండాలన్నది పన్నెండో పాఠం. గడియారం మీంచి కన్ను తిప్పకుండా లోలోపల లెక్కపెట్టి మూత పెట్టేశాడు.

దగ్గు లేదు, గుసగుస లేదు. చంటిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. ఇంత బుద్ధిమంతులు బెంగుళూరులో కూడా లేరని అహరోను మురిసిపోయాడు.

చర్చి పక్క గదిలో ఎర్రలాంతరు పెట్టుకుని ప్లేటు కడిగి చూశాడు. దొరసానితో సహా నలభై మందీ తలలు వంచుకుని, కళ్లు మూసుకుని ఉన్నారు. పటం మాత్రం ఎంత స్పష్టంగా ఉందంటే ఒక్కొక్కరి పాపిడి లెక్కపెట్టుకోవచ్చు.

ఎండ కళ్లలో పడింది కాబోలనుకున్నాడు. వాళ్లనే అడుగుదామంటే పంతొమ్మిదో పాఠం అడ్డొచ్చింది: తప్పు ఎదుటివాళ్లకు చెప్పకూడదు, చెబితే ముఖాలు బిగుసుకుంటాయి. సరేనని బెంచీలన్నీ నీడకు తిప్పించాడు. ఈసారి జాగ్రత్తగా రెండు పేజీలు చదివాడు. గుడ్డ కింద ఇంకా ఎక్కువసేపు ఉన్నాడు.

రెండో ప్లేటూ అంతే. పైగా ముందు బెంచీలో కూర్చున్న యేసమ్మ అవ్వ చెంపల మీద కన్నీటి చారలు కూడా.

“ఇంకొక్క తూరి కూర్చోండయ్యా” అన్నాడు బయటికొచ్చి. బజారులో బస్సు హారన్ మోగింది. ఉపదేశి తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. అయిపోయింది, ఎలిజబెత్ కుప్పం వెళ్లిపోయినట్టే అనుకున్నాడు అహరోను. ఏడుపొచ్చింది. సిగ్గు విడిచి తడి ప్లేటుతో కంచె దగ్గరికి పరుగెత్తాడు.

“సాయిబూ, ఇది చూడు. ఒక్కరు కూడా కన్ను తెరవలేదు. యాలంటావు?”

పీర్ సాహెబ్ ప్లేటును ఆకాశానికి ఎత్తి చూసి, గడ్డం అదిరేలా నవ్వాడు. “చదవేస్తే ఉన్నమతి పోయిందంట! నా ప్లేట్లు గూడా ఈడ ఆరు పోయినాయి లేప్పా. పా, నీ పాఠం నువ్వు సెయ్. మూత మాత్రం నేను సెప్పినాక తియ్.”

అహరోను మళ్లీ నోట్సు చదివాడు, గుడ్డ కప్పుకున్నాడు, సిలువను చూశాడు, ప్లేటు దూర్చాడు, గడియారం పట్టుకుని మూత మీద చెయ్యి వేశాడు. పక్కన నిలబడ్డ పీర్ సాహెబ్ గుండెల నిండా గాలి పీల్చి, బజారుకు వినిపించేలా కేకేశాడు.

“ఆమెన్!”

“ఆమెన్!” అంది సంఘమంతా. నలభై తలలు లేచాయి, ఎనభై కళ్లు తెరుచుకున్నాయి.

“ఇప్పుడు తియ్” అన్నాడు పీర్ సాహెబ్.

పటం పడింది. అందరూ దొరసానిని చుట్టుముట్టి బస్సు దాకా సాగనంపడానికి కదిలారు. ఉపదేశి మాత్రం నేరుగా అహరోను దగ్గరికొచ్చాడు.

“అయ్యా, ఆ రెండు పటాలూ...” అని నసిగాడు అహరోను. “తప్పు నాదే. సాయిబు సాయం లేకుంటే...”

“పటాల సంగతి సాయిబు సూసుకుంటాడు లేప్పా” అంటూ బర్నబాసు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. “పటం పటానికీ బైబులు సదువుకోని, తలకు ముసుగేసుకోని, ఆమెన్ సెప్పేది గూడా మర్సిపోయేటంత ప్రార్థన సేసేటోడికి కాకుంటే నా బిడ్డను ఇంకెవురికిస్తానప్పా!”