గాలి దారి

“లక్ష్మణ్ ఎక్కడ?”

కారు దిగుతూనే కఫీల్, అంటే వీసా ఇచ్చిన సౌదీ యజమాని, అడిగిన మాట అది. ఎదురుగా పానా పట్టుకుని నిలబడ్డ నర్సింలు మొహం మాడిపోయింది. పద్దెనిమిదేళ్లుగా ఆ గ్యారేజీలో యజమాని నోట మొదట వచ్చే పేరు తనది.

ఖమీస్ ముషైత్ సౌదీలో కొండల మీది ఊరు. గాలి పలచన. కింద సముద్రం వైపు నుంచి సరుకు వేసుకుని ఘాట్ ఎక్కే బండ్లు సగం దారిలోనే ఆయాసపడతాయి. పెట్రోలు తాగేస్తాయి. ఆ ఆయాసం తగ్గించాలని లక్ష్మణ్ నాలుగు నెలలుగా ఒక పాత పికప్ మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఇంజన్ పక్కనుండే వేడిగాలి కాకుండా, ముందు జాలీలోంచి చల్లగాలి ఇంజన్‌లోకి వెళ్లేలా గొట్టం మార్చాడు. లోపలి గరుకంతా అరగదీశాడు. గొట్టం వంపులో గాలి సుడి తిరిగి ఆగిపోతోందని అల్యూమినియం రేకుతో వంకర రెక్కలు చేసి, అరచేయంత చట్రంలో అమర్చాడు.

లక్ష్మణ్‌ది మెట్‌పల్లి దగ్గర నర్సింలు పక్కూరే. కఫీల్‌ను బతిమాలి వీసా తెప్పించింది నర్సింలే. వచ్చిన కొత్తలో బెంగతో తిండి మానేస్తే, ఎదురుగా కూర్చుని తినిపించాడు కూడా.

ఇప్పుడు పాకిస్తానీ డ్రైవర్లు అతన్ని ‘ఇంజనీర్ సాబ్’ అంటున్నారు. యెమెన్ వాళ్లు వచ్చి, ముందు అతనికి చాయ్ అందిస్తున్నారు. విన్నప్పుడల్లా, చూసినప్పుడల్లా నర్సింలు చేతిలో పని వదిలేసి బయటికి వెళ్లిపోయేవాడు.

“అన్నా, జర ఇటు సూడు. ఈ రెక్కలున్నయి గదా...”

“నాకు పనున్నది.”

ఆ చట్రంలో ఏ వైపు గాలికి, ఏ వైపు ఇంజన్‌కు అని నర్సింలు ఎన్నడూ అడగలేదు. అడిగితే నిన్నగాక మొన్న వచ్చినవాడి దగ్గర నేర్చుకున్నట్టవుతుంది.

వారం కిందట కఫీల్ లక్ష్మణ్‌ను లోపలికి పిలిచి, తలుపు వేసి మాట్లాడాడు. ఆ రోజు నుంచి లక్ష్మణ్ ముభావంగా ఉంటున్నాడు. ఒకే గదిలో పడుకుంటూ కూడా పలకరింపు తగ్గించాడు.

తలకెక్కింది, అనుకున్నాడు నర్సింలు.

గురువారం పరీక్ష. ఇరవై సిమెంటు బస్తాలు వేసుకుని, కఫీల్‌ను పక్కన కూర్చోబెట్టుకుని లక్ష్మణ్ ఘాట్ దిగి మళ్లీ ఎక్కాలి. ఆ పొద్దున చట్రాన్ని అతనొక్కడే బిగించాడు.

“సాయం పట్టాల్నా?” అన్నాడు నర్సింలు.

“వద్దన్నా. నువ్వు దూరముండు.”

అతను తలెత్తి చూడను కూడా చూడలేదు. నర్సింలుకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

మధ్యాహ్నం నమాజు వేళకు షట్టర్ సగం దించి కఫీల్ మసీదుకు వెళ్లాడు. లక్ష్మణ్ రొట్టెలు తేవడానికి వెళ్లాడు. గ్యారేజీలో నర్సింలు ఒక్కడే మిగిలాడు.

బానెట్ ఎత్తాడు. క్లిప్పు వదులు చేసి చట్రం బయటికి లాగాడు. లక్ష్మణ్ బిగించిన తీరు ఒకసారి పరీక్షగా చూసుకుని, దాన్ని అటుది ఇటు తిప్పి మళ్లీ దూర్చాడు. రెండు నిమిషాల పని. రెక్కలు ఎదురు తిరిగితే ఇంజన్‌కు గాలి సరిగా అందదు.

బండి వెళ్లింది. నర్సింలు పోసుకున్న చాయ్ చల్లారిపోయింది. సగం దారిలో పొగ కక్కుతూ ఆగిన పికప్, దాని పక్కన తల దించుకున్న లక్ష్మణ్, చేతులు విసురుతూ అరుస్తున్న కఫీల్ కళ్ల ముందు కదిలారు. ఫోను మోగుతుందని చూస్తూ కూర్చున్నాడు.

ఫోను మోగలేదు. హారను మోగింది.

కఫీల్ నవ్వుతూ దిగాడు. “మాషా అల్లా” అని లక్ష్మణ్ వీపు తట్టాడు. మొదటి గేరుకు కూడా మూలిగే బండి మూడో గేరులో ఎక్కిందట. పెట్రోలు ముల్లు కదిలీ కదలనట్టు కదిలిందట. లక్ష్మణ్ మాత్రం బానెట్ ఎత్తి, చట్రం బిగించిన చోటును వంగి వంగి చూశాడు.

ఆదివారం కఫీల్ నర్సింలును పిలిచి, కొలువు ముగిసింది, ఇక దేశం వదిలి వెళ్లమనే ఫైనల్ ఎగ్జిట్ కాగితం చేతిలో పెట్టాడు.

“ఇక్కడ ఇద్దరు పెద్ద మెకానిక్‌లు అక్కర్లేదు. లక్ష్మణ్‌కు ముందే చెప్పాను: ‘ఆ బండి పనిచేస్తే గ్యారేజీ నీ చేతికిస్తాను, నర్సింలును పంపేస్తాను, పనిచేయకపోతే ఎప్పటిలాగే ఇద్దరూ ఉండండి’ అని.”

నర్సింలు గదికి వచ్చి ఆ కాగితాన్ని లక్ష్మణ్ ముందు విసిరాడు.

“నీకు ముందే ఎరుక. ఎరుకుండి కూడా నా నోట్ల మన్ను గొట్టినవ్.”

లక్ష్మణ్ కాగితం తీసి మడతలు సరిచేశాడు.

“నువ్వు పోవద్దనే గా దినం పొద్దుగాల నేనే ఆ రెక్కలు ఉల్టా బిగించిన అన్నా, మల్ల అవి ఎట్ల సీదా అయినయో నాకైతే సమజైతలేదు.”