పళ్ళెం పట్టుకున్న అమ్మాయి

“నవ్వకు! నీ చేతిలో ఉన్నది తెగిన తల.”

“పుచ్చకాయండీ బాబూ! ఎలా నవ్వకుండా ఉండను?”

చిత్రకారుడు కుంచె దించి తనూ నవ్వేశాడు. పెళ్ళయి నలభై రోజులు. భార్యకి ఈ గదిలో అన్నీ ముద్దొస్తున్నాయి. అతని చెవి మీద నీలం మరక, రంగుల వాసన, పళ్ళెంలో తలకి బదులు పెట్టిన పుచ్చకాయ కూడా.

గోడకి రెండు కాన్వాసులు ఆనించి ఉన్నాయి. బైబిల్లో రాజు ముందు నాట్యమాడి, బహుమతిగా ప్రవక్త తల అడిగిన అమ్మాయి బొమ్మలవి. ఒకదాంట్లో ఆడుతోంది, రెండోదాంట్లో పళ్ళెం పట్టుకుంది. రెంటికీ ముఖాలు వేయడమే మిగిలింది. ఇవాళ పళ్ళెం, రేపు నాట్యం. ఎల్లుండి ప్రదర్శన.

“అంత రాక్షసా ఆ పిల్ల?”

“తల్లి అడగమంది, అడిగింది. బొమ్మలేసిన మగాళ్ళు రాక్షసిని చేశారు. తల చేతికొచ్చాక ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందో నేను వేస్తా. కళ్ళారా చూడందే వేయలేను, అదీ నా తంటా.”

“ఇలానా?” కళ్ళు పెద్దవి చేసి పళ్ళు బిగించింది.

“అది పంటినొప్పి.”

ఆమె నవ్వుకి పుచ్చకాయ దొర్లబోయింది. “ఇదయ్యాక నా ఫోనిచ్చేయండి. నాన్నకి ఆపరేషనయ్యాక ఆయన గొంతే వినలేదు.” ఎదుట నిలబడేవాళ్ళ ఫోన్లు తన జేబులో వేసుకోవడం అతని అలవాటు.

అతను దగ్గరకొచ్చి ఆమె నుదుటి మీది జుట్టు సర్దాడు.

“పొద్దున మీ తమ్ముడు ఫోన్ చేశాడు. మీ నాన్నగారు పోయారు.”

నవ్వు ఆమె పెదాల మీదే ఉండిపోయింది. కళ్ళు మాత్రం ఖాళీ అయ్యాయి.

“కదలకు.”

కదలాలన్నా ఆమెకి చేతకాలేదు. కుంచె గబగబా నడిచింది.

“ఏమండీ...”

“ఒక్క నిమిషం.”

పావుగంటకి కుంచె విసిరేసి, పళ్ళెం లాక్కుని, ఆమెని గుండెలకి హత్తుకున్నాడు. “పిచ్చిమొహమా! ఉత్తుత్తినే అన్నానే, ఈ ముఖం కోసం!”

ఆమె రెండు పిడికిళ్ళతో అతని ఛాతీ మీద బాదింది. “మీరసలు మనిషేనా? ప్రాణం పోయిందండీ నాకు!” ఏడ్చి, ముక్కు తుడుచుకుని, కాన్వాసు వైపు చూసింది. “అమ్మో... నేనేనా ఇది?”

“నువ్వే.”

“ఫోనివ్వండి, ఒక్కసారి నాన్నతో మాట్లాడతా.”

“ఈ ఏడుపు గొంతుతోనా? ఆయన హడలిపోతారు. రేపు హాయిగా నవ్వుతూ నాట్యం బొమ్మకి నిలబడు, సాయంత్రమే బయల్దేరదాం.”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఆమె కూనిరాగం తీస్తూ, పుచ్చకాయ చంకనెత్తుకుని వంటగదిలోకి వెళ్ళింది. “పెద్ద ముక్క నాకే!” అని అక్కణ్ణుంచే కేకేసింది.

అతను తన ఫోను తీసి, బావమరిది పంపిన కొత్త సందేశం చదివాడు.

“బావా, అక్క కడసారి చూపు కోసం ఇంకెంతసేపు ఆగమంటావు?”