ఒళ్లంతా మట్టి

కుర్రాడు వెనక గేటు చప్పుడు కాకుండా తీసి, అటూ ఇటూ చూసి, టమాటా మడి పక్కన బోర్లా పడుకున్నాడు. ఎడమవైపు ఒకసారి దొర్లాడు. కుడివైపు ఒకసారి దొర్లాడు. లేచి చూసుకుంటే మోకాళ్లకు సరిగా అంటలేదనిపించింది. రెండు గుప్పెళ్ల మట్టి తీసి శ్రద్ధగా రుద్దుకున్నాడు. బుగ్గకి కూడా కాస్త పూసుకున్నాడు. పెళ్లికి ముస్తాబయ్యేవాళ్లు కూడా అంత ఓపిక పట్టరు.

తర్వాత చుట్టూ తిరిగి వీధి గుమ్మం దగ్గరికి వచ్చాడు. అక్కడ పరిచిన, బొచ్చూడిన పచ్చ పట్టా మీద బూట్లు తుడుచుకుని, బాగా అలసిపోయినవాడిలా తలుపు కొట్టాడు.

అతను గోల్‌కీపర్. పెద్ద జట్టువాళ్లు అతన్ని ఒక సీజన్‌కి ఈ ఊరి చిన్న జట్టుకి అరువిచ్చారు. ఇక్కడైతే ఆడే అవకాశం వస్తుందన్నారు. సీజన్ చివరికొచ్చింది, అవకాశం రాలేదు. పక్కింటి నుంచి అరువు తెచ్చుకున్న గొడుగునైనా వానొస్తే విప్పుతారు. ఇతన్ని మాత్రం బెంచీ మీద మడిచి పెట్టారు.

ఇక్కడి గోల్‌కీపర్ నలభైకి దగ్గరపడ్డ మనిషి. జుట్టు ఊడింది గానీ చెయ్యి వణకలేదు. జట్టంతా జ్వరంతో మూలిగిన వారంలో కూడా ఆయన తుమ్మలేదు. కుర్రాడు రోజూ పొద్దున్నే, "ఒంట్లో ఎలా ఉందన్నా?" అని అడిగేవాడు. "నిక్షేపంలా ఉన్నానురా," అనేవాడాయన.

అసలు చిక్కు ఇంటి దగ్గర. "ఆడితే అక్కడే ఉండు. కూర్చోడానికైతే మన టైర్ల కొట్టులో కుర్చీ ఖాళీగానే ఉంది," అని చెప్పి పంపాడు తండ్రి. ఇవి టీవీలో వచ్చే మ్యాచ్‌లు కావు. కొడుకు మాట మీద తల్లికి నమ్మకం లేదు. అందుకే మ్యాచ్ ఉన్న రోజు సాయంత్రం, అతను అద్దెకున్న ఇంటావిడకి ఫోన్ చేసి కనుక్కునేది.

భర్త పోయాక ఆ ఇంటావిడ ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని కర్టెన్లు కుడుతోంది. గడప దాటడం తక్కువ. కుర్రాడికి అదే కొండంత ధైర్యం. ఆవిడ ఒక్కసారి గ్రౌండుకి వచ్చిందంటే గుట్టు రట్టయినట్టే.

తలుపు తీసి, ఆవిడ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏం నాయనా, గ్రౌండు అక్కడే ఉందా, మొత్తం నువ్వే మోసుకొచ్చావా?"

"గట్టి మ్యాచ్ పిన్నిగారూ. తెగ దూకించారు."

"మట్టి భలే తడిగా ఉందే."

"పొద్దున నీళ్లు కొట్టారండి."

"నేనూ పొద్దున మొక్కలకి కొట్టాను," అంటూ ఆవిడ జెర్సీ కోసం చెయ్యి చాచింది. "అన్నట్టు మన టమాటా కొమ్మ మళ్లీ విరిగింది. పక్కింటి పిల్లి మడిలో పడి దొర్లుతున్నట్టుంది."

"నేనూ చూశానండి. పెద్ద పిల్లే."

అంతలో ఫోన్ మోగింది. "ఏం చెప్పమంటారు వదినగారూ, ఇవాళ కూడా ఒళ్లంతా మట్టే. ఉతకలేక నా చేతులు పడిపోతున్నాయి," అంది ఆవిడ. అవతల తల్లి సంబరం మేడమెట్ల దాకా వినపడింది. కుర్రాడు తల వంచుకుని మేడెక్కాడు.

ఆఖరి మ్యాచ్ వచ్చింది. అదీ బెంచీ మీదే గడిచేలా ఉంది. సగం ఆట అయ్యాక, జ్వరానికి లొంగని ఆ పెద్దమనిషి బూటు లేసు కట్టుకోడానికి వంగాడు. వంగినవాడు లేవలేదు. నడుం పట్టేసింది. ఇద్దరు పట్టుకుని అలా వంగినవాణ్ని వంగినట్టే బయటికి నడిపించారు.

"ఏరా, రేపటినుంచి నా ఒంట్లో ఎలా ఉందో అడగవు కదా," అన్నాడాయన కుర్రాణ్ని దాటుతూ.

కోచ్ బెంచీ వైపు తిరిగాడు. పేరు గుర్తు రాక వేలు చూపించాడు. "నువ్వు. లే."

మొదటి బంతి కుర్రాడి వేళ్ల సందులోంచి జారి గోల్లో పడింది. రెండోది వచ్చి ఛాతీకి కొట్టుకుని పక్కకి పోయింది. దాన్ని ఆపడం అనకూడదు, అడ్డుగా నిలబడడం అనాలి. మూడోదానికి మాత్రం ఒళ్లంతా సాగదీసి దూకాడు. మూలకి దూరిపోతున్న బంతిని వేలి కొసతో బయటికి నెట్టాడు. లేచేసరికి మోచెయ్యి కాలినట్టు మండుతోంది. జనం అరుస్తున్నారు. ఆట సమంగా ముగిసింది.

వెనక గేటు సంగతే గుర్తు రాలేదు. వీధిలో పరుగెత్తుకుంటూ వచ్చి, పట్టా మీద నిలబడి తలుపు బాదాడు.

"పిన్నిగారూ, ఇవాళ నిజంగా ఆడానండి."

"ఇవాళ నిజంగానా?" అంది ఆవిడ.

కుర్రాడు నాలిక కరుచుకున్నాడు. అప్పుడు తన ఒంటి వైపు చూసుకున్నాడు. జెర్సీ కొట్లోంచి తెచ్చినంత శుభ్రంగా ఉంది. కూర్చున్న రోజులన్నిటికీ ఒంటినిండా సాక్ష్యం. ఆడిన ఒక్క రోజుకీ మరకైనా లేదు.

లోపల ఫోన్ మోగింది. టైర్ల కొట్టులో ఖాళీ కుర్చీ కుర్రాడి కళ్ల ముందు కదిలింది.

"ఒట్టండి. కావాలంటే మా కోచ్‌ని అడగండి," అన్నాడు. కోచ్‌కి తన పేరు తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. ఏం చెయ్యాలో తోచక మోచెయ్యి చాపి చూపించాడు. చర్మం గీరుకుపోయి ఎర్రగా ఉంది.

ఆవిడ దాని వైపు ఒక్క చూపు చూసి వెళ్లి ఫోన్ తీసింది.

"వదినగారూ, మీవాడు ఇవాళ ఆడాడు."

అంతే చెప్పి పెట్టేసింది.

కుర్రాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఒంటి మీద మట్టి రవ్వైనా లేదు కదండీ. ఎలా నమ్మారు?"

ఆవిడ అతని కాళ్ల కిందికి చూపించింది.

"మట్టి లేదు గనకే నమ్మాను నాయనా, ఆ గ్రౌండంతా ప్లాస్టిక్ గడ్డే, అది పరిచిన రోజు మా ఆయన అడిగి తెచ్చుకున్న మిగులు ముక్క మీదే నువ్వు ఇన్నాళ్లూ బూట్ల మట్టి తుడుచుకున్నావు."